ఎర్ర గళ్ళ నక్షా

నాకు భయం ఎక్కువ. ముందే చెప్పేస్తే ఒక పనైపోతుంది. బస్సెక్కితే బ్రేకులు పడతాయో లేదో అని, దిగితే సంచీ మరిచానేమో అని, పక్కింట్లో ఎవరైనా దగ్గితే అది మామూలు దగ్గేనా అని నాకు దిగులు. "గీ పిల్ల ఫికరును ఎంటబెట్టుకోని పుట్టింది" అనేది మా అమ్మ. అలాంటి మనిషిని పట్టుకుని, భూకంపం రాకముందే దాని జాడలు వెతికే పనిలో పెట్టారు. పెట్టినవాళ్ళను ఏమనాలో నాకు ఇప్పటికీ తెలియదు.

తొంభైల మొదట్లో నేను హైదరాబాదులో, ఉపగ్రహాలు పైనుంచి తీసిన చిత్రాలు చూసి నక్షాలు గీసే ఒక ఆఫీసులో పనిచేసేదాన్ని. ఎక్కడ అడవి ఉంది, ఎక్కడ చెరువుంది, ఏ వాగు ఎటు తిరిగింది, ఇవన్నీ గీయడం నా పని. మా ఊళ్ళో చెబితే ఎవరికీ ఒక పట్టాన అర్థమయ్యేది కాదు. "అంటే మబ్బుల మీదికెల్లి మా ఇల్లు కనవడ్తదా?" అని అడిగేవాళ్ళు. కనబడదు అంటే నా ఉద్యోగం మీదే నమ్మకం పోయేది.

మా ఊరు మహబూబ్‌నగర్ జిల్లా ఆత్మకూరుకు దగ్గర, కృష్ణ ఒడ్డుకు రెండు మైళ్ళ ఇవతల. మాది నేత ఇల్లు. నాయిన గుంట మగ్గం మీద చీరలు నేసేవాడు, అమ్మ రాట్నం ముందు కూర్చుని, పోగుల మధ్య అటూ ఇటూ పరుగెత్తే నాడెలోకి నూలు కండెలు చుట్టేది. గుంట మగ్గం చూడనివాళ్ళకు ఒక మాట చెప్పాలి. నేలలో నడుం లోతు గుంట తవ్వుతారు. నేసే మనిషి ఆ గుంట అంచున కూర్చుని కాళ్ళు లోపలికి వేస్తాడు. కాళ్ళతో తొక్కే కర్రలు లోపల ఉంటాయి, నేసిన బట్ట చుట్టుకునే దూలం ఒళ్ళోకి ఆనుకుని ఉంటుంది. అందులో కూర్చున్న మనిషి చటుక్కున లేవలేడు. ఒక చేయి నేలకు ఆనించి, నడుం తిప్పి, ఒక్కో కాలూ బయటికి లాక్కోవాలి. నాయిన అలా లేవడం రోజుకు రెండుసార్లు చూసేదాన్ని, అన్నానికొకసారి, పొద్దుగూకాక ఒకసారి.

ఆ మగ్గం మట్టి మిద్దె కింద ఉండేది. రాతి గోడలు, టేకు దూలాలు, వాటి మీద అడ్డంగా కట్టెలు, ఆ పైన మోకాటి మందాన మట్టి. ఉరవకుండా ఏటేటా దాని మీద చౌడు మట్టి పోయించేవాళ్ళం. పక్కింటి చాచా మేస్త్రీ. ఊళ్ళో సగం మిద్దెలు ఆయన చేతివే, మాది కూడా. చౌడు పోసి, తొక్కి, నిచ్చెన దిగొచ్చి, "ఇగ ఏనుగెక్కినా ఏం గాదు" అనేవాడు. ఏనుగెక్కితే ఏమీ కాకపోవచ్చు. కింద నేల కదిలితే ఏమవుతుందో ఆయన చెప్పలేదు, మేము అడగలేదు.

అది పక్క రాష్ట్రం చెప్పింది. గణపతులను నీళ్ళలో వేసి వచ్చిన తెల్లారుజామున అక్కడ భూమి కదిలింది. హైదరాబాదులో మా కిరాయి గదిలో కూడా గూట్లో గిన్నెలు గలగలమన్నాయి. పిల్లి అనుకుని తిట్టి మళ్ళీ పడుకున్నాను. పేపర్లో ఫోటో చూశాకే సంగతి తెలిసింది. ఆ ఫోటోలో కూలింది మా ఇల్లే. అవే రాతి గోడలు, అవే దూలాలు, అదే మట్టి. ఆ మట్టి కింద మనుషులు. గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్న నాయిన మీద అది దిగితే ఆయన లేచే లోపల ఏమవుతుందో ఆలోచించకుండా ఒక్క పూట గడవలేదు నాకు. ఆ పేపరు ముక్కను ట్రంకుపెట్టెలో దాచి, రోజూ తీసి చూసుకునేదాన్ని. చూసుకుంటే ఏం లాభమో అడగవద్దు.

కొన్నాళ్ళకు మా పెద్ద సారుకు ఒక ఆలోచన వచ్చింది. ఆయనది కోస్తా. పెద్ద చదువు, మెత్తని మనిషి, ఎవరిమీదైనా కోపం వస్తే కళ్ళజోడు తుడుచుకునేవాడు. భూమి కదిలే ముందు లోపలి రాళ్ళు ఒత్తిడికి నలుగుతాయనీ, అప్పుడు పైన నేల మామూలు కంటే వేడెక్కవచ్చనీ, ఆ వేడిని ఉపగ్రహం పట్టుకోవచ్చనీ కొందరు అంటున్నారట. అంటున్నారంటే అంటున్నారంతే, ఖాయంగా చెప్పినవాళ్ళు లేరు. "చూస్తే పోయేదేముందమ్మా?" అన్నాడు సారు. ఆయనకేం పోయిందో గాని నాకు నిద్ర పోయింది.

నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలు తీసుకున్నాం. నేల అంతా గట్టి బండ, బాయిలు ఎక్కువ, పోయి చూసి రావడం తేలిక అని సారు లెక్క. వారానికోసారి ఉపగ్రహం కొలిచిన వేడి కంప్యూటరు కాగితం మీద మూరల కొద్దీ అంకెలై వచ్చేది. నేను రెండు జిల్లాలకూ గళ్ళ కాగితం గీసుకున్నాను. ఒక గడి ఒక కిలోమీటరు. ఆ గడిలో నేల వెనకటి ఏళ్ళలో ఇదే వారం ఉన్నదానికంటే బాగా వేడిగా ఉంటే ఎర్ర పెన్సిలుతో నింపాలి. లేకుంటే ఖాళీగా వదలాలి. ఎర్రబడ్డ చోటికి మనిషి పోయి చూడాలి. బాయి నీళ్ళు వేడెక్కాయా, రంగు మారాయా, జంతువులు ఇళ్ళు విడిచి తిరుగుతున్నాయా, ఇలా ఒక పట్టిక. మామూలు కారణం ఏదైనా దొరికితే దాన్ని పట్టిక చివర రాసి, ఎరుపు చెరిపేయాలి. అది మా పద్ధతి.

మొదటి ఎరుపు కేతేపల్లి దగ్గర పడింది. సారూ నేనూ జీపులో పోయాం. చలికాలం, అప్పుడే పొద్దు పొడిచింది. ఒక ముసలమ్మ బాయి దగ్గర నీళ్ళు చేదుతోంది.

"ఏమమ్మా, ఈ మధ్య నీళ్ళు వేడిగా ఉంటున్నాయా?" అన్నాడు సారు.

"ఉంటున్నయి సారూ. పొగలొస్తయి" అన్నది.

సారు గబగబా పుస్తకం తీసి రాసుకుంటున్నాడు. "ఎప్పటినుంచి?" అన్నాడు.

"నేను గీ ఊరికి కోడలుగొచ్చిన కాన్నుంచి. సలికాలం పొద్దుగాల బాయి నీళ్ళు ఎచ్చగ గాక ఎట్లుంటయి?"

సారు రాసింది కొట్టేసి కళ్ళజోడు తుడుచుకున్నాడు. ఆ గడి ఎర్రబడటానికి కారణం వేరే దొరికింది. ఏటా నిండే చెరువు ఆ ఏడు ఎండిపోయి ఉంది. తడి లేని నేల ఎండకు కాగదా మరి. "కారణం: ఎండిన చెరువు" అని రాసి ఎరుపు చెరిపేశాను. తిరుగు దారిలో సారు ఆ ముసలమ్మ మాట తలుచుకుని నవ్వాడు, నేనూ నవ్వాను. నా నవ్వు నార్కట్‌పల్లి దాకా కూడా నిలవలేదు.

మరుసటి వారం కృష్ణ ఒడ్డున నాలుగు గళ్ళు ఎర్రబడ్డాయి. ఆ తర్వాతి వారం ఇంకో నాలుగు వచ్చి కలిశాయి. మూడో వారం అంకె చూసి, పెన్సిలు పక్కన పెట్టి, కళ్ళు కడుక్కుని వచ్చి మళ్ళీ చూశాను. మా ఊరి గడి.

కాగితం తీసుకెళ్ళి సారు ముందు పరిచాను. "పెరుగుతోంది. మీ ఊరు ఇటే కదూ?" అన్నాడు.

"ఇదే సార్" అని వేలు పెట్టాను.

ఆయన నా మొహం చూశాడు. "ఎవరికీ చెప్పకూడదమ్మా, ఇంట్లో కూడా. నేల వేడెక్కిందని తెలుసు, ఎందుకో తెలియదు. ఈ మాట బయటికి పోతే ఈ చలిలో పసిపిల్లలతో సహా ఊళ్ళు ఊళ్ళు వీధిన పడతాయి. ఏమీ జరగలేదనుకో, రేపు నిజంగా చెప్పినా మనల్ని ఎవరూ నమ్మరు."

ఆయన చెప్పినదాంట్లో ఒక్క అబద్ధం లేదు. అందుకే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. తప్పు మాట్లాడే మనిషితో అయితే కొట్లాడొచ్చు, ఒప్పు మాట్లాడే మనిషితో ఏం చేస్తాం? "సరే సార్" అని వచ్చాను.

మా గది గోడకు యాదగిరిగుట్ట నరసింహస్వామి క్యాలెండరు ఉండేది. ఆ సాయంత్రం దాని ముందు నిలబడి మొక్కుకున్నాను. మా అమ్మా నాయినా ఆ మిద్దె కింద నుంచి క్షేమంగా బయటపడాలి. పడితే ముగ్గురం గుట్టకు వచ్చి, మెట్లెక్కి, కొబ్బరికాయ కొడతాం. సరిగ్గా ఇవే మాటలు. మొక్కులో తేడా రాకూడదని రెండుసార్లు అన్నాను.

బాయిలు చూసి రావడానికి సారు నన్నే పంపించాడు. "మీ దిక్కు మాట నీకు తెలుసు. నాలాగా ముసలమ్మ చేతిలో దెబ్బ తినవు" అన్నాడు. తాడుకు కట్టిన థర్మామీటరు, పట్టిక, గళ్ళ కాగితం సంచీలో పెట్టుకుని బస్సెక్కాను. ఆత్మకూరు దాటాక మొదటి ఎర్ర గడి ఉన్న చోట దిగాను. అది మా మేనత్త ఊరి శివారు. ఊళ్ళోకి పోతే అత్తకు ఏదో ఒకటి చెప్పేస్తానని భయం, అందుకని రోడ్డు పక్క పొలాల్లోని బాయికే పోయాను. నీళ్ళు మామూలు చల్లదనమే. కానీ నీళ్ళ నిండా ఆకులు తేలుతున్నాయి, చేద లేదు, గిరక కూడా లేదు. ఎవరూ తోడుతున్నట్టు లేదు. నీళ్ళు రుచి మారాయేమో అని రాసుకున్నాను. అంతలో డొక్కలెండిన కుక్కలు నాలుగు గట్టు మీదుగా వచ్చి నా సంచీ వాసన చూశాయి. ఊరకుక్కలకు పొలాల్లో ఏం పని? జంతువులు ఇళ్ళు విడిచి తిరగడం మా పట్టికలో ఒక గుర్తు. అదీ రాశాను.

బాయిలోకి వంగి వంగి చూశాను గాని తలెత్తి చుట్టూ ఒక్కసారి చూడలేదు. ఇది ఇప్పుడంటున్న మాట. అప్పుడు నా కళ్ళకు నీళ్ళు, కుక్కలు, గోడల్లో బీటలు తప్ప ఇంకేమీ ఆనలేదు.

ఇల్లు చేరేసరికి పొద్దు వాలుతోంది. నాయిన గుంటలోనే ఉన్నాడు. "ఎప్పుడొస్తివి బిడ్డా?" అన్నాడు, నాడె ఆపకుండానే. "గిప్పుడే" అన్నాను. అమ్మ నీళ్ళ చెంబు తెచ్చింది. చేతిలోని సంచీ పెరట్లో పిడకల గంప మీద పెట్టి కాళ్ళు కడుక్కున్నాను. లోపలికొచ్చి ముందు చూసింది మగ్గం వెనక గోడలో బీటను. నా చిన్నప్పటి నుంచీ ఉన్న బీటే. అయినా వేలు పెట్టి చూశాను. దూలాలు చూశాను. పైన మట్టి పలచగా అనిపించింది.

"గీ ఏడు చౌడు పొయ్యలేదా నాయినా?"

"లే."

"ఎందుకు?"

నాయిన అమ్మ దిక్కు చూశాడు. "చాచాకు నడుం పట్టింది" అన్నది అమ్మ.

కాసేపటికి చాచా భుజాన టేకు దూలం పెట్టుకుని మా వాకిలి ముందు నుంచే పోయాడు. "మంచిగున్నవా బేటీ?" అని పలకరించాడు కూడా. నడుం పట్టిన మనిషి అంత దూలం ఎట్లా మోస్తున్నాడో నాకు తోచనే లేదు. నెత్తి మీద ఒక ఏడాది చౌడు బరువు తగ్గింది కదా అని లోపల సంతోషపడుతున్నాను.

అన్నం తినేటప్పుడు మెల్లగా మొదలుపెట్టాను. "నాయినా, మీరిద్దరు ఒక నెల నా దగ్గరికి రారాదు?"

"చీర మగ్గం మీదున్నది."

"పోనీ వాకిట్ల పందిరేసుకోని నెయ్యరాదు? గాలొస్తది."

"గుంట వాకిట్లకొస్తదా?" అన్నాడు నాయిన. నిమ్మకు నీరెత్తినట్టు తింటున్నాడు. చెబితే సారుకిచ్చిన మాట పోతుంది. చెప్పకపోతే ఈ మనిషి రేపు మళ్ళీ ఆ గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చుంటాడు. అమ్మ నా వైపు అదోలా చూసి, "గీ పిల్లకు ఏదో అయ్యింది" అన్నది. నాకు కాదు, మీకు కాబోతోంది అని అరవాలనిపించింది. నీళ్ళు తాగి ఊరుకున్నాను.

మర్నాడు పొద్దున ఊరి బాయికి పోదామని సంచీలోంచి థర్మామీటరు తీస్తుంటే గళ్ళ కాగితం జారి కింద పడింది. నాయిన గుంటలో నుంచే చెయ్యి చాపి దాన్ని అందుకుని, మగ్గం మీది పోగుల మీద పరిచాడు.

"గిదేం నక్షా బిడ్డా?"

మా ఇంట్లో నక్షా అంటే చీర అంచుది. అంచు మీదికి వచ్చే పువ్వునో కోటకొమ్మునో గళ్ళ కాగితం మీద వేసుకుంటారు. ఒక గడి ఒక పోగు. నిండిన గడికి పోగు లేవాలి, ఖాళీ గడికి దిగాలి. నేను నక్షాలు గీసే ఆఫీసులో పనిచేస్తున్నానంటే నాయిన ఇన్నేళ్ళూ ఏమనుకున్నాడో నాకు ఆ క్షణం వరకూ తట్టలేదు.

"కోటకొమ్ము గాదు, మామిడిపిందె గాదు" అంటున్నాడు, కాగితాన్ని అటూ ఇటూ తిప్పుతూ. "గిట్ల వంకలు పోయే అంచు యాడ నేస్తరు? మీ ఆఫీసుల ఇచ్చిన్రా?"

నోరు జారింది అంటే అబద్ధం. తెలిసే చెప్పాను. "అది చీరది గాదు నాయినా. మన దిక్కు భూమిది. ఎర్రయి వేడెక్కిన జాగాలు. పేపర్ల ఇండ్లు కూలినయి సూడు, గసోంటిది ఈడ రావచ్చునని మా సారుకు అనుమానం. రాకపోవచ్చు గూడ. ఎవలకు తెల్వదు. గిది మన ఊరు. నువ్వు గా గుంటలకెల్లి లేసి రా, నీ కాళ్ళు మొక్కుత."

నాయిన లేవలేదు. కాగితం మీదే చూపు. "ఆత్మకూరు యాడ?" అన్నాడు. చూపించాను. "ఏరు?" చూపించాను. "ఒక గడి ఎంత?" కిలోమీటరు అన్నాను. అప్పుడు పోగులు లెక్కపెట్టినట్టు గోటితో ఒక్కో గడినీ తాకుతూ పోయాడు.

"గిది మీ మేనత్తోల్ల ఊరు. గిది దాని కింది తండా. గిది జామతోట. గిది రేవు కాడి ఊరు." ప్రతి ఎర్ర గడికీ ఆయన దగ్గర ఒక పేరుంది. కాగితం మీద ఒక్క పేరు కూడా రాసి లేదు. "భూకంపమైతే గిట్ల ఏటి పొడుగూత అంచు పట్టుకోని వస్తదా బిడ్డా, ఒక్క పోగు గూడ తప్పకుండ? గిది మనుషులు గీసిన నక్షా."

"ఎవలు గీసిన్రు?"

"డ్యామోల్లు."

కృష్ణ మీద డ్యామ్ కడుతున్న సంగతి నాకు తెలియనిది కాదు. చిన్నప్పటి నుంచీ వింటున్నదే. ఒడ్డున కొన్ని ఊళ్ళు మునుగుతాయనీ, వాళ్ళకు వేరే చోట జాగా ఇస్తారనీ తెలుసు. మా ఊరి దాకా నీళ్ళు రావని అందరూ అనేవాళ్ళు. ఆ ఊళ్ళు ఈ చలికాలంలోనే ఖాళీ అవుతున్నాయని మాత్రం నాకు తెలియదు.

"యాసంగి పంట ఎవలెయ్యలే" అన్నాడు నాయిన. "మునిగే భూమిల పల్లికాయ ఎవలేస్తరు? చెట్లు గొట్టుకున్నరు, దూలాలు ఇప్పుకున్నరు, బాయి మీది గిరకలు సుత తీస్కపోయిన్రు. వారానికొక ఊరు లేస్తాంది. కుక్కలే మిగిలినయి."

పోయినేడు ఈ వారంలో పచ్చగా ఉన్న నేల మీద ఇప్పుడు పైరు లేదు, నీడ లేదు, తడి లేదు. ఎండకు కాగుతోంది. కేతేపల్లి చెరువు దగ్గర నేనే నా చేత్తో రాసిన కారణం అది. ఉపగ్రహం అబద్ధం చెప్పలేదు. ఆకులు తేలే బాయి, గిరక లేని గట్టు, డొక్కలెండిన కుక్కలు, అన్నీ చూశాను, అన్నీ రాసుకున్నాను, ఒక్కటీ అర్థం కాలేదు. గళ్ళ కాగితం చదవడం వచ్చిన మనిషి మా ఇంట్లో ఇంకొకడున్నాడు.

ఎంత హాయి కలిగిందో చెప్పలేను. మూడు వారాలుగా గుండె మీద ఉన్న బండ దిగిపోయింది. భూకంపం లేదు. నాయిన ఆ గుంటలో కూర్చోవచ్చు, మిద్దె కింద నేయవచ్చు. నవ్వొచ్చింది, కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. కాగితం మడవబోతూ, ఇంకా నవ్వుతూనే, చివరి ఎర్ర గడి మీద వేలు పెట్టాను.

"మరి మన గడి ఎందుకెర్రగయ్యింది నాయినా?"

అమ్మ రాట్నం ఆగింది.

నాయిన ఒక చేయి నేలకు ఆనించి, నడుం తిప్పి, ఒక్కో కాలూ తీసి గుంటలో నుంచి లేచాడు. కాళ్ళు మొక్కుతానన్నా లేవని మనిషి. నన్ను పెరట్లోకి తీసుకుపోయి పిడకల గంపను పక్కకు జరిపాడు. దాని వెనక మోకాటి ఎత్తు రాయి పాతి ఉంది. తెల్ల సున్నం, దాని మీద నల్ల అంకె. నిన్న నేను ఆ గంప మీదే సంచీ పెట్టి కాళ్ళు కడుక్కున్నాను.

"దసర పోయినంక మల్ల కొలిసిన్రు" అన్నాడు. "నీళ్ళు గీ రాయి దాంక వస్తయట. ఇల్లు రాయికి లోపటికొచ్చింది. ఏటి దిక్కు మనోల్లు గూడ యాసంగి ఇడిసిపెట్టిన్రు."

చాచా మోసుకుపోతున్న దూలం ఆయన సొంత ఇంటిదని అప్పుడు తెలిసింది. మునిగే మిద్దె మీద చౌడు ఎవరు పోస్తారు?

"నాకెందుకు చెప్పలే?" అన్నాను.

"చెప్తే ఆడ నిద్ర పోతువా నువ్వు?" అన్నది వెనక నుంచి అమ్మ.

వాళ్ళు భయపడతారని నేను నోరు మూసుకున్నాను. నేను భయపడతానని వాళ్ళు రాయి మీద పిడకల గంప పెట్టారు. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియక ఆ రాయిని కాలితో తన్నాను. వేలు చితికింది. నాయిన వంగి నా వేలు చూసి, పెద్ద దెబ్బేమీ లేదని తేల్చుకున్నాక అడిగాడు.

"భూకంపం ఎన్నడొస్తదో మీ ఆఫీసోల్లకు ముందుగాల తెలుస్తదా?"

"తెల్వదు నాయినా. గా తారీఖు చెప్పేటోల్లు దునియల యాడ లేరు. అది తెలుసుకుందామనే గీ తిప్పలన్ని."

"గిది నయం మరి. మాకు తారీఖు చెప్పిన్రు" అన్నాడు. "ఉగాది దాటంగనే."

హైదరాబాదు వచ్చి సారుకు చెప్పాను. డ్యామ్, మునక, యాసంగి, అన్నీ. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, కళ్ళు మూసుకుని, గట్టిగా ఊపిరి వదిలాడు. పాపం, మూడు వారాలూ ఆయనకూ నిద్ర లేదని ఆ మొహమే చెప్పింది. "అయితే భయం లేదన్నమాట" అన్నాడు. లేదు సార్ అన్నాను. "కారణం: సాగు లేదు" అని రాశాను. పద్ధతి ప్రకారం ఎరుపు చెరపాలి. మేనత్త ఊరు చెరిపాను, తండా చెరిపాను, జామతోట చెరిపాను. మా గడి దగ్గర చెయ్యి ఆడలేదు. కాసేపు కూర్చుని, అదీ చెరిపాను.

ఉగాది తర్వాత నాయిన మిద్దె విప్పించాడు. చాచా పైకెక్కి తన చేత్తో పోసిన మట్టిని తనే పారతో కిందికి లాగాడు. ఒక పూటలో అయిపోయింది. దూలాలు బండికెక్కాయి, మగ్గం కర్రలు ఎక్కాయి. గుంట మాత్రం అక్కడే ఉండిపోయింది. కొత్తగా ఇచ్చిన జాగాలో రేకుల ఇల్లు వేసుకున్నారు. నేను ఆఫీసులో చదివిన దాని ప్రకారం భూకంపానికి అంతకంటే క్షేమమైన కప్పు లేదు. నాయిన గుంట తవ్వబోతే మోకాటి లోతుకే బండ తగిలింది. ఇంకో మూల తవ్వాడు, అక్కడా బండే. ఆ వానకాలమంతా మగ్గం కర్రలు గోడకు ఆనించే ఉన్నాయి. నాయిన వాటి పక్కన గడప మీద కూర్చునేవాడు, కాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు.

దసరా సెలవుల్లో ముగ్గురం యాదగిరిగుట్టకు పోయాం. మెట్లెక్కేటప్పుడు నాయిన రెండుసార్లు ఆగాడు. కాయ కొట్టే చోట వరుసలో నిలబడ్డాక అమ్మ అడిగింది, "ఇంతకు ఏమని మొక్కితివి?"

చెప్పకూడదనుకున్నాను. కానీ స్వామి ముందు ఇంకో గంప అడ్డం పెట్టాలనిపించలేదు. "మీరిద్దరు గా మిద్దె కిందికెల్లి క్షేమంగ బయట పడాలెనని" అన్నాను.

అమ్మ నాయిన వైపు చూసింది. నాయిన మెట్ల దిక్కు చూస్తున్నాడు.

"పడితిమి గద మరి" అని అమ్మ కొబ్బరికాయ నా చేతిలో పెట్టింది. "కొట్టు."